మీగడ కన్ను

మూడోసారి వెనక్కొచ్చింది అదే చీర.
"తెరలో మోదుగుపువ్వు, చేతిలో పెంకు ముక్క" అని
రాయ్‌పూర్ ఆవిడ చీటీ రాసి మరీ మడతలో దోపింది.

చీరనేమీ అనలేను.
బరంపురంలో అద్దకపు గాబు నుంచి మా మేడమెట్ల దాకా
నూటపది అడుగులు.
ఆ ఎరుపు తడిగా ఉన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

తప్పు తెరది.
విశాఖలో సగం ధరకి దొరికింది,
మామూలు తెరలకి అందని రంగులు దీనికి అందుతాయన్నారు.
అందుతాయి. ఎక్కడ ఆగాలో దానికీ తెలీదు, నాకూ తెలీదు.

ఫ్లెక్సుల బిపిన్ సాహు దగ్గర అరువు తెచ్చిన కలరిమీటర్‌ని
తెరకి బల్లిలా అతికించాను.
ఎరుపు, పచ్చ, నీలం, బూడిద
మెరిసి ఆరి, మెరిసి ఆరి,
చివరికి "అంతా సరే" అంది.
పక్కన తెల్ల కాగితం పెట్టి చూద్దును కదా,
తెరలోని తెలుపు
అప్పుడే ఏడ్చి లేచిన పిల్ల ముఖంలా ఉంది.

దాని లోపలి రంగురేకులు పాత దీపాల తెరలు చూసి పెరిగినవి.
ఈ కొత్త దీపంలో ఎరుపు సూదిమొన;
అవి దాన్ని బొట్టు అనుకుని కొలుస్తాయి.
పైగా ఏడు వానాకాలాల
గోపాల్‌పూర్ ఉప్పుగాలి తిన్న ఒళ్ళు.

భువనేశ్వర్ నుంచి ఇంకొకటి వచ్చింది,
రోజుకి పన్నెండొందలు అద్దె.
ఇది వేరే జాతి. వెలుగుని దువ్వి పాయలు తీస్తుంది.
తెలుపుని తెలుపనే చెప్పింది.
నల్లపట్టు మీద నల్లంచు దగ్గరికొచ్చేసరికి
రేచీకటి మనిషిలా తడుముకుంది.

మూడోది కొనలేదింకా.
చీకట్లోనూ చూస్తుందట,
ఏ తెరకా దిద్దుబాటు పట్టీ వేస్తేనే నిజం చెబుతుందట.
ఇరవయ్యారు వేలు.
బండిలో వేశాను, తీశాను, వేశాను.

అప్పుడొచ్చాడు అద్దకపు దండాసి,
పోగుల కట్ట చంకన పెట్టుకుని.
"ఏటమ్మా, నీ అద్దానికి జొరమా?"
ట్యూబులైటు ఆర్పమన్నాడు ముందు.
కుడికన్ను మూశాడు. తెరిచి ఎడమకన్ను మూశాడు.
మార్చిలో కుడికంటికి శుక్లం తీశారు.

"దీంతో సూస్తే సున్నం, దీంతో సూస్తే మీగడ.
రెండూ నా కళ్ళే. నువ్వయితే ఏది కొంటావు?"

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నలభయ్యేళ్ళు మీగడకంటితోనే అద్దీసినాను.
కొత్తకన్నొచ్చాక అద్దితే
ఇది మన ఎరుపు కాదని సేట్లు తిప్పి పంపీసినారు.
ఇప్పుడు గాబు కాడికెళ్తే కొత్తకన్ను మూసీసుకుంతాను."

అద్దె గడువు ఇంకా మూడు గంటలుంది.
రెండు పరికరాల్నీ ఒకే తెర ముందు కూర్చోబెట్టాను.
పాయలు తీసేది చూసింది,
చీకటి తెలిసినది నేర్చుకుంది.
రెంటి మధ్యా తేడా కట్టి
ఒక పట్టీ రాసి బిపిన్ ముసలిదానికి తగిలించాను.
దాని వీపు మీద టేపు అతికించి తేదీ వేశాను,
మందుసీసా మీద వేసినట్టు.
వానలు వెళ్ళాక మళ్ళీ అద్దెకి తేవాలి. మళ్ళీ నేర్పాలి.
ఇరవయ్యారు వేలు బండిలోనే ఉన్నాయి.

దండాసి చీరకొంగు తెర పక్కన పట్టుకుని చూశాడు.
"కలిసిపోనేదు. దగ్గిరికొచ్చింది."
ఏ కంటితో అన్నాడో అడగలేదు.

ఇక్కడిదాకా నా పూచీ.
రాయ్‌పూర్‌లో ఆవిడ ఫోనుకి ఏ శుక్లం పట్టిందో,
ఏ బల్బు కింద కూర్చుని చూస్తుందో!

ఆయన కట్టలోంచి మూరెడు ఎర్రపోగు తెంపి
కవరులో పెట్టి అంటించాను.
"పొద్దుటి వెలుగులో, వాకిట్లో చూడండి" అని రాశాను.
తపాలా బిళ్ళ అయిదు రూపాయలు.